మెడ కింద చెయ్యి

ఫారో దీవుల్లో ఫిబ్రవరి అంటే
తెల్లారిందో లేదో సముద్రాన్ని అడగాలి.
ఆ రోజు సముద్రమూ చెప్పలేదు.
పొగమంచుకి పడవలు ఆగిపోయి
మంత్రసాని సొరంగం దారిన కారులో చేరేసరికి
నా కూతురు సగం దారికి తనే వచ్చేసింది.

మూడు కిలోలు కూడా లేదు.
ఫ్యాక్టరీలో ఇంతకు నాలుగింతల కాడ్ చేపల్ని
లెక్కలేకుండా ఎత్తి కోసే చేతులు
దీన్ని ఎత్తడానికి మాత్రం రాలేదు.
"మెడ కింద చెయ్యి పెట్టు, హొగ్నీ.
తల దానికింకా సొంతం కాలేదు" అందామె.

నేనక్కడే ఆగిపోయాను.

పోయిన సెప్టెంబరులో
గులకరాళ్ల ఒడ్డు దగ్గర నడుంలోతు నీళ్లలో
ముసలి త్రొండూర్ నా మెడ కింద
ఇలాగే చెయ్యి పెట్టాడు.
మూడు వేళ్ల చెయ్యి. మిగతా రెండూ
ఏనాడో ఓడ మీది చక్రం నమిలేసింది.
ఆ మూడింటి మీదే వెనక్కి వాలి
మునిగి, లేచాను.
పాటలేవీ వినపడలేదు, పళ్లు కొట్టుకోవడం తప్ప.
నాలుగో నెల కడుపుతో సున్‌వా
ఉన్ని దుప్పటి పట్టుకుని ఒడ్డున నిలబడింది.
పొత్తిళ్లలో చుట్టినట్టే చుట్టింది నన్ను,
తొంభై కిలోల పసిగుడ్డుని.

విశ్వాసమంటే అప్పట్లో
ఒక గది ఖాళీ చేసి ఇవ్వడమనుకున్నాను.
ఆదివారం గది. తెల్ల పరదా, మంచి కుర్చీ.
ప్రభువు పెద్దమనిషి, సర్దుకుంటాడులే అని.
సర్దుకోలేదు.
మొదట పిండి డబ్బా వెనక సీసా దొరికిందాయనకి.
తర్వాత నా నోరు.
తర్వాత, పదకొండేళ్లుగా నేను నొక్కని
అన్న ఫోన్ నంబరు.

ఇప్పుడు ఇదొచ్చింది.
ఊయల కోసం మంచం జరిగింది,
మంచం కోసం బీరువా,
బీరువా కోసం నా గేలాలూ వలలూ వానలోకి.
కత్తులు పై అరకెక్కాయి.
నడవడానికి ఇంకా ఏడాది ఉన్న పిల్ల కోసం
బల్ల మూలలకి ఇప్పుడే ఉన్ని చుట్టాను,
నన్ను చూసి సున్‌వా నవ్వింది.

రాత్రి మూడింటికి ఏడుస్తుంది.
ఆకలో, కడుపులో గాలో, ఊరికే చీకటో.
ప్రతిసారీ లేచానని చెప్పను.
ఒక రాత్రి గోడవైపు తిరిగి నిద్ర నటించాను.
సున్‌వా లేచింది, కుట్లు నొప్పిపెడుతుంటే
మంచం కోడు పట్టుకుని.
ఆ చిన్న చప్పుడు
నా మారుమనస్సు మీద పడింది,
పడి, అదెంత పలచనో చూపించింది.

పొద్దున ప్రార్థనకి మాట రాలేదు.
ఒక్క మాటా రాని పిల్ల
ఇంటినంతా లేపగలిగింది కదా అని
నేనూ ఊరికే కూర్చున్నాను, నోరు తెరిచి.
కిటికీ అద్దం మీద వాన అడ్డంగా నడిచింది.
ఐదు నెలలుగా నేను ఇంటివాణ్ణి,
వచ్చినవాడు ఆయన అనుకుంటూ
చోటిచ్చీ ఇచ్చీ అలిసిపోయాను.
ఒళ్లో పిల్ల మెడ వాలిపోతోంది.
తల సొంతం కానిది
దీనికొక్కదానికేనా?

పదో రోజున తలుపు చప్పుడైంది.
దక్షిణ దీవి నుంచి అన్న, ఐవిందూర్.
ఆ నంబరు నొక్కింది నేనే, కానీ
వస్తాడనుకోలేదు.
చంకలో ఎండబెట్టిన గొర్రె తొడ,
గడ్డం నిండా ఉప్పు నీళ్లు.
నాన్న పడవ గురించి అడగలేదు,
ఎవరిది తప్పో అడగలేదు.
మాంసం బల్ల మీద పెట్టాక
ఖాళీ అయిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలీక
అక్కడే నిలబడ్డాడు.

బూట్లు విప్పమన్నాను.
పిల్లని అందించాను.
భయపడ్డాడు, వెనక్కి తగ్గాడు.

"మెడ కింద," అన్నాను,
"మెడ కింద చెయ్యి పెట్టన్నా."